బెనిల్దె కట్టిన దొంగపురుగులు

చేపలు పట్టేవాడి నోట నిజం రాదంటారు. లియోన్ పట్నానికి ఎగువన మా కురుయేన్యో లోయలో ఆ మాటకు తిరుగు లేదు. ఏటి మలుపులో ఎవరో వస్తున్న అలికిడి వినిపిస్తే చాలు, మావాడు గాలం చివర కట్టుకున్నదాన్ని పుటుక్కున తెంపి జేబులో దాచేసి, ఎందుకూ కొరగాని ఇంకోదాన్ని తగిలించుకుని అమాయకుడిలా నిలబడతాడు. "ఇవాళ ఏం పురుగు లేచిందిరా?" అని అడిగామా, బూడిదరంగుది లేస్తే పచ్చదంటాడు, పచ్చది లేస్తే అసలేమీ లేవలేదంటాడు. ఖాళీ బుట్టతో ఇల్లు చేరానని ఒప్పుకున్న మగవాడు మా ఊళ్ళో ఇంకా పుట్టలేదు. పడ్డవాటిని దారిలో మేనత్తకు ఇచ్చేశానంటాడు. ఆ మేనత్త చచ్చి ఎన్నేళ్ళయిందో ఊరందరికీ తెలుసు.

ఒక్క బెనిల్దె దగ్గర మాత్రం నిజం చెప్పేవాళ్ళు. చెప్పక చస్తారా? గాలపు ముల్లుకు పట్టుదారం చుట్టి, కోడిపుంజు ఈకలోని పీచు కట్టి, ఏటి మీద లేచే పురుగులాగే తయారుచేసేదాన్ని మేం దొంగపురుగు అంటాం. ట్రౌటు చేప ఉన్నదే, అది మహా పొగరుమోతుది. ఆ పూట నీళ్ళలోంచి ఏ పురుగు లేస్తే దాన్నే తింటుంది. రంగులో రవ్వంత తేడా వచ్చినా మూతి తిప్పుకుని పోతుంది. అందుకని వైద్యుడి దగ్గరా వకీలు దగ్గరా దాచకూడదన్నట్టే, దొంగపురుగులు కట్టే మనిషి దగ్గర కూడా దాచకూడదు. లోయలోని రహస్యాలన్నీ బెనిల్దె కిటికీ దగ్గరికి నడిచొచ్చేవి. అక్కడి నుంచి బయటికి ఒక్కటీ పొక్కేది కాదు.

"అత్తా, నిన్న పొద్దువాలే వేళకి ఒకటి లేచింది. బూడిదరంగుది," అనేవాడు వచ్చినవాడు, గొంతు తగ్గించి.

"బూడిద అంటే? పొయ్యిలో బూడిదా, పావురం బూడిదా?"

"పావురమే అనుకో."

"అనుకోవడాలు నా దగ్గర కుదరవు. రెక్కలు తెరచాపలా నిలబెట్టుకుందా, ఇంటికప్పులా వాల్చుకుందా? తోకలు రెండా, మూడా?"

"తోకలు ఎవడు చూశాడత్తా, చేపలు ఎగురుతుంటే!"

"అయితే పో. వంతెన కిందికెళ్ళి సాలెగూళ్ళు చూసి రా. సాలీడుకి అబద్ధమాడటం రాదు."

అది ఆమెకు అత్తగారు నేర్పిన విద్య. నిన్న ఏట్లోంచి ఏం లేచిందో వంతెన కింద సాలెగూళ్ళలో వేలాడుతుంటుంది. అగ్గిపెట్టెలో వేసుకొచ్చిన పురుగును కిటికీ వెలుతురులో పెట్టి, గోడకు వేలాడే ఈకల కట్టల్లోంచి ఒకటి లాగేది బెనిల్దె. దారం ఎంచి, దాన్నీ ఈకనూ తెల్లటి పింగాణీ గిన్నెలో నీళ్ళు పోసి ముంచేది. ఆరిన దారం రంగు వేరు, తడిసిన దారం రంగు వేరు. పొడిదారం చూసి మురిసిపోయి కట్టినవాడికి చేప పడదు. ఆ తర్వాత ముల్లును ఎడమచేతి వేళ్ళ మధ్య పట్టుకుని, బిగించే పనిముట్టేదీ లేకుండా, కూనిరాగం తీస్తూ కట్టేసేది.

ఆమె చీలమండ దాటి ఏట్లో దిగింది లేదు. ఎగువ ఊరి గొర్రెలకాపరుల ఇంట పుట్టి, ఎలాదియోను చేసుకుని మా ఊరొచ్చింది. ఎలాదియో మంచివాడు, చేపలు పట్టడంలో మాత్రం మొద్దు. కోడలి వేళ్ళు చూసి అత్తగారు కొడుకు సంగతి వదిలేసి కోడలికే పని నేర్పింది. పెరట్లో పుంజుల్ని పెంచడం, చంద్రుడు తరిగే రోజుల్లోనే వాటి నడుం మీది ఈకలు పీకడం, పీకాక ప్రతి పుంజుకూ ద్రాక్షసారాలో ముంచిన రొట్టెముక్క పెట్టి "నీ మేలు మరిచిపోనురా నాయనా" అని చెప్పడం, అంతా ఆ ముసలమ్మ నేర్పిందే. పుంజులకు పెద్దమనుషుల పేర్లు పెట్టడం మాత్రం బెనిల్దె సొంత తెలివి. ఉక్కురంగు ఈకల పుంజు పేరు బిషప్పు. తుప్పురంగుది సార్జెంటు. అసలు బిషప్పుగారు ఒకసారి ఊరొచ్చినప్పుడు పెరట్లోంచి "ఒరే బిషప్పూ, ఆ పేడలోంచి బయటికి రా!" అన్న కేక వినబడి, మా పాదిరీకి ముచ్చెమటలు పోశాయి.

అలాంటి బెనిల్దె కళ్ళకు పొర కమ్మింది.

ముందు దీపాల చుట్టూ ముసురు కనబడింది. తర్వాత సూదిలో దారం ఎక్కడం మానేసింది. అన్నింటికీ పాత పొగ పట్టిన పసుపు అంటుకున్నట్టుండేది. ఆమె తల్లికీ ఇలాగే వచ్చింది. బాగా ముదరబెట్టుకుని, ఆఖర్న కత్తి పెట్టించుకుని, ఉన్న కాస్త చూపూ పోగొట్టుకుంది. తల్లి గోడ తడుముకుంటూ పశువులపాకకు వెళ్ళడం చిన్ననాడు చూసింది బెనిల్దె. అందుకే కంటి మాట ఎవరెత్తినా మండిపడేది.

ఆడపడుచు ఒబ్దూలియా ఊళ్ళో సారాకొట్టు నడిపేది. మనసులో మాట నోట్లో నిలవని మనిషి. ఒకరోజు సాహసించి అడిగేసింది.

"వదినా, లియోన్లో కంటి డాక్టరు ఉన్నాడట. చిన్నరైలు ఎక్కితే పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేయొచ్చట."

"నాకేం రోగం?"

"నిన్న నాకు కాఫీలో ఉప్పేశావు."

"నీ నోటికి అదే తగును," అంది బెనిల్దె. చేతిలో సార్జెంటు ఉన్నాడు. ఆ ఊపులో అతన్ని ఒబ్దూలియా మీదికి విసిరేసింది. సార్జెంటు ఆమె కొప్పు మీద వాలి, అక్కడి నుంచి అటక ఎక్కాడు. ఆ తర్వాత ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

పైకి ఎంత ఎగిరినా లోపల భయమే. ఆపరేషనంటే భయం. చూపు పోతుందంటే అంతకన్నా భయం. కిటికీ దగ్గర ఆ కుర్చీ, గిన్నె, ఆ వచ్చేపోయే మగవాళ్ళ గుసగుసలు పోతే తన బతుకులో ఏం మిగులుతుందో ఆమెకు తోచేది కాదు. తన కంటికి తనే ఒక పరీక్ష పెట్టుకుంది. తను కట్టినవాటికి చేపలు పడుతున్నంతకాలం కళ్ళకు ఢోకా లేనట్టే.

చేపలు పడుతూనే ఉన్నాయి. లోయలో ఆనవాయితీ ఏమిటంటే, కొత్త దొంగపురుగుకు పడిన మొదటి చేపను కడుపు చీల్చకుండా కట్టినవాళ్ళకు ఇచ్చుకోవాలి. ఫ్రోయిలాన్ తప్పకుండా తెచ్చిచ్చేవాడు. చనిపోయిన ఎలాదియోకు చిన్ననాటి నేస్తం, ఏట్లో అతన్ని మించినవాడు లేడు, గర్వం కూడా అంతే. వారానికోసారి వాకిట్లో చెక్కచెప్పులు విడిచి, ఆకులో చుట్టిన ట్రౌటును బల్లమీద పెట్టేవాడు.

"నీ బూడిదపురుగును చూసి గంతేసిందనుకో! చేతిలోంచి కర్ర లాక్కుపోయేదే," అనేవాడు.

"చూశావుటే?" అనేది బెనిల్దె, ఒబ్దూలియా వైపు తిరిగి. "మనుషులు అబద్ధమాడతారు గానీ చేప ఆడదు."

ఒబ్దూలియా అంతటిది కూడా నోరు మూసుకుని, పొయ్యి మీద రొట్టెపులుసు కలుపుతుండేది. ఆ మౌనమైనా బెనిల్దెకు అనుమానం తెప్పించి ఉండాల్సింది. తెప్పించలేదు. కావాలనుకున్న మాట చెవిన పడుతుంటే ఎవరైనా ఎందుకు అనుమానిస్తారు? రాత్రి పడుకునేముందు దేవుడికి దణ్ణం పెట్టుకుని, ఆ రోజు చేపకూ, ఫ్రోయిలాన్‌కూ, ఇంకా మిగిలి ఉన్న వెలుతురుకూ పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పుకునేది. ఆమె అలాంటి మనిషి. ఈక ఇచ్చిన కోడిపుంజుకే చెప్పేది, మనుషులకు చెప్పదా?

మే నెలాఖరులో ఫ్రోయిలాన్ తెచ్చిన ఒక చేపతో గుట్టు బయటపడింది.

అతను వెళ్ళాక బెనిల్దె ఎప్పటిలాగే చేప కడుపు కోసి, అందులోది తెల్ల పళ్ళెంలో నీళ్ళు పోసి వదిలి, సూదిమొనతో విడదీసింది. చేప ఏం తిన్నదో తెలిస్తే మర్నాటికి ఏం కట్టాలో తెలుస్తుంది. పురుగులు ఉన్నాయి. నల్లటి మచ్చల్లా కనబడ్డాయి. కానీ సూదికి ఏదో జిగురుగా చుట్టుకుంది. కళ్ళు చెప్పలేకపోయినదాన్ని వేళ్ళతో పట్టుకుంది. లాగితే సాగింది. రెండు వేళ్ళ మధ్య నలిపితే ఉండ కట్టింది.

సాలెగూడు!

ఏట్లో చేప వంతెన కిందికి పాక్కుంటూ వెళ్ళి సాలెగూడు నాకదు కదా. అప్పుడు చేప తోకను తడిమింది. ఏటి ట్రౌటు తోక అంచు విసనకర్రలా పదునుగా ఉంటుంది. ఇది మొద్దుగా, అరిగిపోయి ఉంది. సిమెంటు గోడలకు రాసుకుని రాసుకుని అరిగిన తోక. దిగువ ఊళ్ళో తొట్లలో మేత వేసి పెంచే చేప. అంటే ఫ్రోయిలాన్ ఆ తొట్ల దగ్గర చేప కొని, వంతెన కింద సాలెగూళ్ళలోంచి పురుగులు ఏరి, దాని గొంతులోకి కుక్కి తెచ్చాడు.

మరి ఇన్నాళ్ళూ తను కట్టినవాటికి పడ్డాయన్న చేపల మాటేమిటి?

చెక్కచెప్పులు వేసుకోవడం కూడా మరిచిపోయి, పళ్ళెం చేత్తో పట్టుకుని, చొక్కా మీద నీళ్ళు ఒలకబోసుకుంటూ ఒబ్దూలియా కొట్టుకు వెళ్ళింది. ఫ్రోయిలాన్ అక్కడే ఉన్నాడు. ఇంకా నలుగురున్నారు.

"ఇదేంటి?" అంది, పళ్ళెం అతని ముందు బల్లమీద పడేసి.

ఫ్రోయిలాన్ పళ్ళెం వైపు చూశాడు. టోపీ తీశాడు. మళ్ళీ పెట్టుకున్నాడు.

"పురుగులు," అన్నాడు.

"సాలెగూడుతో సహా మింగిందా?"

"ఆకలి మీద ఉందేమో..."

"ఫ్రోయిలాన్!"

అతను తలదించుకున్నాడు. పొడుగు మనిషి, ఆ క్షణాన బెంచీ మీద చిన్నపిల్లాడిలా కుంచించుకుపోయాడు.

"ఎప్పట్నించి?"

"పోయినేడు వేసవి ముందు నుంచి," అన్నాడు మెల్లగా. "బూడిదది కట్టమంటే తుప్పురంగుది కట్టిచ్చావు. పొరపాటనుకున్నా. మళ్ళీ అడిగితే మళ్ళీ అదే ఇచ్చావు. బిషప్పు ఈక అని చెప్పి మరీ ఇచ్చావు."

"నా మొహాన చెప్పొచ్చుగా!"

"ఎలా చెప్పను? చెప్తే మానేస్తావు. నీ పంతం నాకు తెలీదూ? కంటి మాటెత్తితే కోడిని విసిరే మనిషివి."

"అందరికీ తెలుసా?"

ఒబ్దూలియా చేతిగుడ్డతో కళ్ళొత్తుకుంటోంది. ఊరంతటికీ తెలుసు. అబద్ధాలతో ఒకరినొకరు ముంచుకునే ఈ మగవాళ్ళంతా మొదటిసారి ఒక్క మాట మీద నిలబడ్డారు. అదీ అబద్ధం మీదే.

"మరి ఇన్నాళ్ళూ వేటితో పట్టారు?"

"నువ్వు ముందు కట్టినవి ఉన్నాయిగా. పీచు ఊడిపోయేదాకా వాడాం." ఫ్రోయిలాన్ గొంతు ఇంకా తగ్గింది. "తర్వాత... వానపాములతో."

"వానపాములా!" బెనిల్దె అక్కడే కూలబడింది. తన కళ్ళు పోయినందుకు కాదు, తనకు అబద్ధం చెప్పినందుకూ కాదు, వానపాముల మాటకు ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది. "ఎలాదియో బతికుంటే నిన్ను ఏట్లో ముంచేవాడు. నువ్వు! పిల్లకాయల్లా వానపాము గుచ్చావా?"

"గుచ్చాను," అన్నాడు ఫ్రోయిలాన్. "తొట్ల దగ్గరికీ వెళ్ళాను. ఎవరైనా చూస్తారని టోపీ ముక్కుదాకా లాక్కుని వెళ్ళాను. ఆ కుర్రాడు 'కడుపు శుభ్రం చేసివ్వనా తాతా' అని అడిగితే, వద్దన్నాను. నీకు కడుపు కావాలిగా. వంతెన కింద మోకాళ్ళలోతు బురదలో నిలబడి పురుగులు ఏరాను. పుల్లతో గొంతులోకి తోశాను. ఒకటి నా వేలు కొరికింది కూడా. చచ్చిన చేప ఎలా కొరుకుతుందని అడక్కు, పళ్ళు దిగాయి."

ఎవరో కిసుక్కుమన్నారు. బెనిల్దెకు కోపం ఇంకా ఉంది, ఉండాలనే ఉంది. కానీ ఫ్రోయిలాన్, ఏట్లో తనంతటివాడు లేడని విర్రవీగే ఫ్రోయిలాన్, టోపీ లాక్కుని తొట్ల దగ్గర వరసలో నిలబడ్డ దృశ్యం కళ్ళముందు ఆడింది. పొర కమ్మిన కళ్ళకు కూడా అది స్పష్టంగా కనబడింది. ముందు నవ్వొచ్చింది, వెనకాలే ఏడుపొచ్చింది, రెండూ కలిసి ఊపిరాడలేదు.

"ఎందుకురా ఇదంతా?" అంది.

"మా ఆవిడ రోసలియా పోయినప్పుడు నేను మంచం దిగలేదు. గుర్తుందా? రోజూ పొద్దున్నే నా కిటికీలో ఒక దొంగపురుగు పెట్టి వెళ్ళేదానివి. ఏ రోజు ఏది లేస్తే అది. ఒక్క మాట ఓదార్చలేదు. ఒకరోజు మాత్రం కిటికీ కొట్టి, 'అందరూ లేస్తున్నారు, నీళ్ళడుగున పురుగుతో సహా. నీకేం మాయరోగం?' అని తిట్టి పోయావు. ఆ సాయంత్రమే ఏటికెళ్ళాను." ఫ్రోయిలాన్ పళ్ళెం పక్కకు జరిపాడు. "చేపలదేముంది బెనిల్దా. పడితే పడతాయి. ఆ కిటికీలో నువ్వు లేకపోతే మేం ఎవరికి నిజం చెప్పుకోవాలి?"

ఆ మాట ఆమె గుండెలో దిగింది. తను ఊరికి పెట్టిందే తప్ప ఊరు తనకు పెడుతున్నదేమిటో ఎన్నడూ ఆలోచించలేదు. ఇంతమంది, ఇన్నాళ్ళు, తన కుర్చీ తనకుండాలని ఖాళీ బుట్టలు మోశారు. ఆమెకు వాళ్ళందరి కాళ్ళకూ దణ్ణం పెట్టాలనిపించింది. పెట్టలేదు. పళ్ళెం తీసుకుని లేచింది.

"ఒబ్దూలియా, చిన్నరైలు పొద్దున ఎన్నింటికి?" అని అడిగింది.

లియోన్లో డాక్టరు ఒక కన్ను ముందు చేసి, రెండోది తర్వాత చూద్దామన్నాడు. కత్తి పెట్టేటప్పుడు బెనిల్దె తల్లిని తలుచుకుంది. నర్సు చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఆ అమ్మాయి పేరు అడిగి తెలుసుకుని, బతికినన్నాళ్ళూ రాత్రి దణ్ణంలో ఆ పేరూ కలిపింది.

కట్టు విప్పాక ఇంటికొచ్చి నేరుగా పెరట్లోకి వెళ్ళింది. బిషప్పు పేడకుప్ప మీద నిలబడి ఉన్నాడు. పాత కన్నుతో చూస్తే పొగచూరిన పసుపు. ఆ కన్ను మూసి కొత్తదానితో చూసింది. ఉక్కు మీద వానచినుకు పడ్డట్టు, నీలం కలిసిన బూడిదరంగు. ఆ రంగు లోకంలో ఉన్నదని కూడా మరిచిపోయింది తను. ఒక కన్ను మూసి, ఒక కన్ను తెరిచి, మళ్ళీ మార్చి, అలా చాలాసేపు కోడిపుంజుకు కన్ను కొడుతూ నిలబడింది.

"వదినా, అది బిషప్పు. కాస్త మర్యాద!" అని గుమ్మంలోంచి ఒబ్దూలియా అరిచింది.

చూడటానికి ఊరంతా వచ్చింది. ఫ్రోయిలాన్ టోపీ చుట్టూ వరసగా గుచ్చిన దొంగపురుగులు ఆమె కంటపడ్డాయి. ఇంతకాలం తను కట్టిచ్చినవి. అన్నీ తుప్పురంగువే, ఒక్కదానికీ పీచు చెదరలేదు, ఒక్కదానికీ చేప పంటిగాటు లేదు. మిగతా టోపీలూ చూసింది. అన్నింటి మీదా అవే. పారేయకుండా నెత్తిన పెట్టుకుని తిరిగారు.

"పీకి పారేయండి, సిగ్గుచేటు," అంది.

"నువ్విచ్చినవి, నీకెందుకు?" అన్నాడు ఫ్రోయిలాన్, టోపీ వెనక్కి లాక్కుంటూ.

డాక్టరు చెప్పిన విశ్రాంతి ముగిశాక మొదటిసారి కిటికీ దగ్గర కూర్చుంది. గిన్నెలో నీళ్ళు పోసింది. దారం తడిపింది. బిషప్పు ఈక తీసి, కట్టి ఫ్రోయిలాన్‌కు ఇచ్చింది. అతను ఏటికి వెళ్ళాడు. ఇప్పుడు కూడా తప్పితే, ఇక తప్పు పొరది కాదు, తనదే.

పొద్దువాలాక ఫ్రోయిలాన్ వచ్చాడు. బుట్ట బల్లమీద పెట్టలేదు. గుమ్మంలోనే నిలబడి టోపీ తీశాడు.

"ఏం పడింది?" అంది బెనిల్దె.

"ఏమీ పడలేదు."

పొయ్యి దగ్గరున్న ఒబ్దూలియా చేతిలో గరిటె ఆగిపోయింది. ఆ మాట ఒక మగవాడి నోట ఆమె జన్మలో వినలేదు.

"నీ పురుగు తప్పు, బెనిల్దా," అన్నాడు ఫ్రోయిలాన్. "లేచింది బూడిదదే. నువ్వు కట్టింది రవ్వంత ముదురు. చేప మూతిదాకా వచ్చి, నా మొహం చూసి వెళ్ళిపోయింది."

"నీ నోరు పడిపోను!" అని ఒబ్దూలియా గరిటెతో లేచింది. "ఆపరేషనై నిన్నగాక మొన్న..."

"నువ్వుండవే," అంది బెనిల్దె. "ఫ్రోయిలాన్, మళ్ళీ అను."

"ముదురు."

"తప్పంటావా?"

"తప్పే."

బెనిల్దె రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. దేవుడికా, ఫ్రోయిలాన్‌కా అన్నది ఒబ్దూలియాకు ఈనాటికీ తెలియదు. ఇన్నాళ్ళకు ఆ కిటికీ దగ్గరికి మళ్ళీ నిజం నడిచొచ్చింది. తను ముసలిది కాదు, గుడ్డిది కాదు, జాలిపడాల్సిన మనిషి కాదు. తప్పు చేస్తే తప్పని చెప్పదగ్గ మనిషి.

"అయితే అక్కడే నిలబడ్డావేం? కూర్చో," అంది కుర్చీ లాగుతూ. "రెక్కలు నిలబెట్టుకుందా, వాల్చుకుందా? తోకలెన్ని?"

"నాకు తెలుసు నువ్వడుగుతావని," అన్నాడు ఫ్రోయిలాన్, జేబులోంచి అగ్గిపెట్టె తీసి. "ఏటి మీద పట్టిందే. సాలెగూడు లేదు, కావాలంటే తడిమి చూసుకో."

అగ్గిపెట్టె తెరిచింది. లోపల పురుగు ఇంకా బతికే ఉంది. వేళ్ళ సందుల్లోంచి చటుక్కున లేచి, కిటికీ అద్దం మీద, చివరి వెలుతురులో వాలింది. ఫ్రోయిలాన్ పట్టుకోబోతే బెనిల్దె చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. కూర్చున్నచోటునుంచి కదలకుండా దాని తోకలకేసి చూసింది.

"రెండు," అంది.